మామయ్య రేకు డబ్బా

మామయ్య పోయాక ఆయన సామాన్లలోంచి నేను నోరు తెరిచి అడిగింది ఒక్కటే, మూత సరిగ్గా పట్టని ఆ పాత రేకు డబ్బా. "అందులో అన్నీ అరిగిపోయిన ఇనప ముక్కలేగా నాయనా" అంది అత్తయ్య. ఇనుము కాదు, అల్యూమినియం అని చెప్పబోయి ఊరుకున్నాను. రెండు చేతులతో ఎత్తుకుని తెచ్చుకున్నాను.

చాలా రోజులు తెరవలేదు. తెరిచిన రోజు ముందు వాసన వచ్చింది. పాత ఇంజిన్ ఆయిల్, కిరసనాయిలు, మాడిన మసి కలిసిన వాసన. ఆయన చొక్కాల దగ్గర వచ్చేదీ అదే. లోపల పద్దెనిమిది పిస్టన్లు, అంటే మోటార్ సైకిల్ ఇంజిన్ సిలిండర్లో పైకీ కిందికీ ఆడే అల్యూమినియం ముక్కలు, ఒక్కొక్కటీ నూనె గుడ్డలో చుట్టి ఉంది. ప్రతి పిస్టన్‌కూ దాని రింగులు, అంటే చుట్టూ గాళ్లలో కూర్చుని సిలిండర్ గోడకు ఆనే, ఒకచోట తెగి నోరున్న లోహపు ఉంగరాలు, దారంతో కట్టి ఉన్నాయి. దారానికి ఓ అట్టముక్క, దాని మీద పెన్సిల్‌తో ఆయన గుండ్రటి అక్షరాలు: "71. ప్లస్ 20. పై రింగు గ్యాప్ 14. బాగుంది." ఇంకోదాని మీద: "రెండో గాడి వదులు. వాడొద్దు." మూడోదాని మీద ఒక్క మాటే: "చూపించడానికి."

ఆ పెన్సిల్ గీతలు చదువుతుంటే మామయ్య గొంతే వినిపించింది. ఆయన మాట్లాడేదీ అంతే పొదుపుగా.

నాకు పదమూడేళ్లప్పుడు మొదటిసారి ఆయన పక్కన కూర్చుని సిలిండర్ పైకి తీయడం చూశాను. నా పని, సిలిండర్ లేస్తున్నప్పుడు పిస్టన్ కింద చెయ్యి పెట్టి పట్టుకోవడం. పట్టుకోకపోతే అది ఒక్కసారిగా పక్కకు వాలి, స్కర్టు, అంటే పిస్టన్ కింది గోడ, దాని అంచు సిలిండర్ బిగించే స్టడ్డుకో పిస్టన్‌ని మోసే కడ్డీ కన్‌రాడ్‌కో కొట్టుకుంటుంది. "చంటిపిల్ల తల పట్టుకున్నట్టు పట్టుకో" అన్నాడు. వెచ్చగా, జిడ్డుగా ఉన్న ఆ బరువు నా అరచేతిలోకి దిగిన క్షణం ఇప్పటికీ గుర్తుంది. వెంటనే ఆయన కింద ఇంజిన్ అడుగు పెట్టె, క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాడు. పిన్ను జారకుండా పట్టి ఉంచే చిన్న కడియం, సర్‌క్లిప్, ఒక్కటి జారి లోపల పడితే మొత్తం ఇంజిన్ దింపాల్సిందే కదా.

తర్వాత చేసిన పని నాకప్పుడు అర్థం కాలేదు. పిస్టన్‌ని కన్‌రాడ్‌కి కలిపే గజన్ పిన్ తీయకముందే ఒక మేకు తీసుకుని పిస్టన్ లోపలి గోడ మీద చిన్న బాణం గీశాడు, ముందు చక్రం వైపుకి. "పైన గుర్తు ఉందిగా మామయ్యా" అన్నాను. "పైన ఉన్నది పోతపోసినవాడి మాట. ఇది ఈ పిస్టన్ ఇన్నాళ్లూ ఎటు తిరిగి బతికిందో చెప్పే మాట. రెండూ ఒకటి కాకపోవచ్చు" అన్నాడు. ఎవరో దాన్ని తిప్పి బిగించి ఉంటే అరుగుదల కూడా ఆ వైపే పడి ఉంటుంది. అది తెలియకుండా చదివితే అర్థం తలకిందులవుతుంది.

పిన్ను కోసం సుత్తి ముట్టనిచ్చేవాడు కాదు. మరిగే నీళ్లలో ముంచిన గుడ్డ పిస్టన్ చుట్టూ చుట్టి రెండు నిమిషాలు ఆగేవాడు. అల్యూమినియం ఉక్కు కంటే ఇంచుమించు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులై పిన్ను బొటనవేలితోనే జరిగి వచ్చేది. పాత సర్‌క్లిప్పులు మాత్రం అక్కడికక్కడే వంచి పారేసేవాడు. దాచడమే అలవాటైన మనిషి, వాటిలో ఒక్కటీ ఎప్పుడూ దాచలేదు.

రింగులు తీయడం చూడాలి. పాతకాలపు పోత ఇనుము రింగు గాజులా పెళుసు. గోళ్లతో లాగి తెరిస్తే ఫట్‌మంటుంది. మామయ్య దగ్గర పల్చటి రేకు బద్దలు మూడు ఉండేవి, అంచులు నున్నగా రుద్దినవి. రింగు నోటి దగ్గర ఒక బద్ద దూర్చి, దాన్ని మెల్లగా రింగు కింద వెనక్కి జరిపేవాడు. మళ్లీ ఒకటి అటు, ఒకటి ఇటు. మూడు బద్దల మీదా రింగు గాడి దాటి పైకి లేచి, పట్టాల మీద బండిలా పిస్టన్ మీంచి జారి వచ్చేసేది. వచ్చిన వెంటనే దారం. పై రింగు, రెండో రింగు, ఆయిల్ రింగు అదే వరుసలో, అదే ముఖం పైకి పెట్టి కట్టేవాడు. "పాత రింగు దాని బోర్‌కి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అలవాటు పడిపోయి ఉంటుంది. దాన్ని దాని చోటుకే పంపాలి" అనేవాడు. రెండు సిలిండర్ల బండి అయితే కుడిదాని దారానికి ఒక ముడి, ఎడమదానికి రెండు ముళ్లు.

పదహారేళ్లకు నాకు అంతా వచ్చేసిందనిపించింది. ఓ మధ్యాహ్నం ఆయన లేనప్పుడు, విప్పి పెట్టిన పిస్టన్ ఒకటి శుభ్రం చేసి రింగులు నేనే ఎక్కించాను. దారం విప్పేశాను కానీ, ఏ ముఖం పైకి ఉందో చూడలేదు. సాయంత్రం ఇంజిన్ బిగించారు, స్టార్టయింది, చప్పుడు బాగుంది. పది నిమిషాలకు సైలెన్సర్‌లోంచి నీలం పొగ మొదలైంది. ఆగలేదు. మామయ్య నా ముఖం చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే హెడ్డు, సిలిండర్ మళ్లీ తీయించి, ఆ రెండో రింగు నా చేతికిచ్చి భూతద్దం ఇచ్చాడు.

రింగు పక్క ముఖం మీద, చీమ తల కంటే చిన్న అక్షరాలతో "టాప్" అని ఉంది. నేనది కిందికి పెట్టాను. ఆ రింగు బయటి అంచు నిట్టనిలువుగా ఉండదు, కంటికి ఆనని ఏటవాలు ఉంటుంది. కింది అంచు మాత్రమే బోర్‌కి ఆని, పిస్టన్ దిగేటప్పుడు నూనెను కిందికి గీకుతుంది. పైకి వెళ్లేటప్పుడు నూనె మీంచి జారిపోతుంది. తిరగేసి పెడితే అదే అంచు నూనెను ప్రతి తిరుగుడుకీ పైకి, మంటలోకి ఎత్తి పోస్తుంది. నిమిషానికి వేల సార్లు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా భూతద్దం లేకుండా ఒక్క రింగూ ఎక్కించలేదు.

గాళ్లు శుభ్రం చేయడానికి ఆయన పనిముట్టు విరిగిన పాత రింగు ముక్కే. చివర చదునుగా అరగదీసి పెట్టుకునేవాడు. అదే వెడల్పు కాబట్టి గాడిలో సరిగ్గా నడుస్తుంది, మసిని గీకుతుంది. అల్యూమినియం తగిలిందని చేతికి తెలియగానే ఆపాలి. గాడి పక్క గోడ మీద ఒక్క గీత పడ్డా రింగు అక్కడ సరిగ్గా ఆనదు, ఆ సందులోంచే మంట కిందికి జారుతుంది. ఎవరో కుర్రాడు మసి తొందరగా పోవాలని పిస్టన్‌ని కాస్టిక్ సోడా నీళ్లలో వేసి, బుసబుసమని పొంగుతుంటే సంతోషించాడట. పొంగింది మసి కాదు, పిస్టనే. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు మామయ్యకు నిజంగానే బాధ కలిగేది.

డబ్బాలో "71" అని రాసిన పిస్టన్లు రెండున్నాయి. వాటితోనే ఆయన నాకు పిస్టన్‌ని గుర్తుపట్టడం నేర్పాడు. వెర్నియర్ పెట్టి కొలిచి "రెండూ ఒకటే" అన్నాను. "ఎక్కడ కొలిచావు?" పైన, మసి పట్టిన కిరీటం దగ్గర. ఆయన పిస్టన్ తిప్పి స్కర్టు కింది అంచుకి కాస్త పైన, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్ పెట్టించాడు. పిస్టన్ గుండ్రంగా ఉండదు. చేతిలో పట్టుకుంటే గుండ్రంగానే కనిపిస్తుంది కానీ, పిన్ను వైపు కాస్త సన్నగా అరగదీస్తారు, అక్కడ లోహం ఎక్కువ కాబట్టి వేడికి ఎక్కువ ఉబ్బుతుంది. మంట తగిలే పైభాగం ఇంకా సన్నం. పైన కొలిస్తే అర మిల్లీమీటరు దాకా తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. పిస్టన్ సైజు అంటే స్కర్టు దగ్గర, పిన్నుకి అడ్డంగా వచ్చే కొలతే.

సరిగ్గా కొలిచినా రెండూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. ఇంగ్లండు బండి బీఎస్ఏ బీ31 బోర్ వ్యాసం 71 మిల్లీమీటర్లు, స్ట్రోక్, అంటే పిస్టన్ నడిచే దూరం, 88, ఒక్క సిలిండర్, 348 సీసీ. ట్రయంఫ్ 650 జంట సిలిండర్ల ఇంజిన్ కూడా 71 బోరే, స్ట్రోక్ మాత్రం 82. బోర్ చూసి పిస్టన్ పేరు చెప్పేవాడు సగమే చెప్పినట్టు. పిన్ను నడుమ నుంచి కిరీటం అంచు దాకా ఎత్తెంత, పిన్ను లావెంత, లోపల పిన్ను దిమ్మెల మధ్య ఎడమెంత, రింగు గాడి వెడల్పెంత, వాల్వులకు చెక్కిన గుంటలు ఎటున్నాయి, ఇవన్నీ కలిస్తేనే పేరు. పిన్ను నడుమకు నేరుగా కొలవలేం కదా. కిరీటం అంచు నుంచి పిన్ను పైభాగం దాకా కొలిచి, పిన్ను లావులో సగం కలపమన్నాడు. ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తట్టలేదా అని రాత్రంతా అనుకున్నాను.

ఏ దేశపుదో చెప్పడానికి ఆయన ముందు పిన్ను కొలిచేవాడు. 17.46 వచ్చిందా, అది 11/16 అంగుళం. 19.05 వచ్చిందా, ముప్పావు అంగుళం. అంగుళాల దేశపు పిస్టన్ అన్నమాట. నికరంగా 16 అనో 18 అనో వస్తే మెట్రిక్. రింగు వెడల్పూ అంతే, 1.59 వస్తే అది అంగుళంలో పదహారో వంతు. లోపల పోతపోసిన పేరు కనిపిస్తే పండగే. బ్రాడ్‌ఫర్డ్ హెపోలైట్, లిమింగ్టన్ వెల్‌వర్తీ, స్టుట్‌గార్ట్ మాలే, నెకార్‌సుల్మ్ కోల్బెన్‌ష్మిట్. ఈ పేర్లు నాకు ఊళ్లుగా కాదు, మసి కింద నుంచి గుడ్డతో తుడిస్తే ఒక్కో అక్షరం బయటపడే సంతోషంగా తెలుసు. ఇంగ్లండు పిస్టన్ తల మీద ప్లస్ 20, ప్లస్ 40 అని ఉంటే అది మామూలు సైజు కంటే ఎంత పెద్దదో, అంగుళంలో వెయ్యోవంతుల లెక్క. మెట్రిక్ వాటి మీద 0.25, 0.50 అని ఉంటుంది. జర్మన్ పిస్టన్ల మీద చాలాసార్లు అసలు వ్యాసమే మిల్లీమీటరులో నూరోవంతు దాకా కొట్టి ఉంటుంది, బాణం పక్కన ముందువైపు అనే అర్థంలో "ఫోర్న్" అని కూడా.

బోర్, స్ట్రోక్ రెండూ కలిసినా మోసపోవచ్చు. బీఎండబ్ల్యూ ఆర్60/2, ఆర్69ఎస్ రెండూ 72 × 73. మొదటిదాని కంప్రెషన్, అంటే గ్యాసును ఎన్నోవంతుకు నొక్కుతుందో ఆ లెక్క, 7.5, రెండోదానిది 9.5. పక్కపక్కన పెడితే కిరీటం ఎత్తే చెప్పేస్తుంది. పక్కన పెట్టుకోడానికి రెండోది ఉండాలి కదా, అందుకే డబ్బా. పాడైనవి కూడా ఎందుకు దాచేవాడో నాకు అప్పుడు తెలిసింది.

టూ స్ట్రోక్ పిస్టన్లు డబ్బాలో నాలుగే. వాటి రింగు గాడిలో సన్నటి పెగ్గు ఉంటుంది, రింగు తిరిగిపోయి దాని నోరు పోర్టులో, అంటే సిలిండర్ గోడలో గ్యాసు వచ్చిపోయే కంతలో, ఇరుక్కోకుండా. డీకేడబ్ల్యూ ఆర్‌టీ125, దాన్ని చూసి చేసిన బీఎస్ఏ బ్యాంటమ్, యమహా వైఏ-1, మూడూ 52 × 58. కొలత కలిసిందని సంబరపడితే చాలదు, పెగ్గు ఏ వైపుందో, ఆ సిలిండర్లో ఆ వైపు పోర్టుందో లేదో చూడాలి. పోర్టు ఎదురుగా రింగు నోరు పడితే ఇరుక్కుని విరుగుతుంది. ఇంకా పాతవాటిలో కిరీటం మీద గోడలా ఓ మెట్టు ఉంటుంది, లోపలికొచ్చే గ్యాసును పైకి మళ్లించడానికి. అది చూడగానే ఏ కాలపుదో చెప్పేయొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెలుతురు పరీక్ష. బోర్ శుభ్రంగా తుడిచి, రింగు ఒక్కటే లోపల పెట్టి, పిస్టన్ తలతో నెట్టి అడుగుదాకా దించేవాళ్లం, వంకర లేకుండా కూర్చోవాలని. కింద బల్బు పెట్టి గది చీకటి చేసేవాడు మామయ్య. పైనుంచి చూస్తే నల్లటి రింగు, దాని నోటి దగ్గర సన్నటి వెలుగు గీత. అక్కడొక్కచోటే వెలుగుండాలి. చుట్టూ ఇంకెక్కడైనా వెంట్రుక మందం వెలుగు కనిపిస్తే ఆ రింగు గోడను విడిచేసినట్టే. నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. "కనిపించిందా?" "లేదు మామయ్యా." "తల తిప్పి మళ్లీ చూడు."

తర్వాత సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో నోటి గ్యాప్. బోర్ అంగుళానికి నాలుగు థౌ అనేది ఆయన లెక్క, థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. 71 బోర్‌కి 11 థౌ, అంటే 0.28 మిల్లీమీటర్లు. అడుగున కొలిచాక రింగుని పైకి, అరుగుదల ఎక్కువుండే చోటికి తెచ్చి మళ్లీ కొలిపించేవాడు. పైన గ్యాప్ పెరుగుతుంది. ఎంత పెరిగిందో దాన్ని 3.14తో భాగిస్తే బోర్ వ్యాసం అక్కడ ఎంత అరిగిందో వచ్చేస్తుంది. అడుగున 0.30, పైన 0.60 అయితే బోర్ ఇంచుమించు పదోవంతు మిల్లీమీటరు అరిగినట్టు. బళ్లో చదువుకున్న పై (π) విలువ నూనె చేతులతో పనికొస్తుందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ లెక్కే ఇంకో పొరపాటు నుంచి కాపాడింది. స్టాండర్డ్ రింగులు దొరకని ఓ బండికి ప్లస్ 20 రింగు నోరు ఆకురాయితో అరగదీసి వేసేద్దామన్నాను. "ఎంత అరగదీయాలో లెక్కెయ్" అన్నాడు. ఇరవైని 3.14తో గుణిస్తే 63 థౌ, ఒకటిన్నర మిల్లీమీటర్ల పైమాటే. "అంత తీసేశాక నోరు కలుస్తుంది. మరి నడుం?" రింగు బయట ఉన్నప్పుడు వృత్తం కాదు. ఏ బోర్ కోసం చేశారో ఆ బోర్‌లో నొక్కుకున్నప్పుడే వృత్తమవుతుంది. చిన్న బోర్‌లో కుక్కితే కొన్నిచోట్ల గట్టిగా ఆని, కొన్నిచోట్ల విడిచేస్తుంది. చేసి, బల్బు పెట్టి చూపించాడు. రెండుచోట్ల నెలవంకల్లా వెలుగు. 1850ల్లో ఆవిరి యంత్రాల కోసం జాన్ రామ్స్‌బాటమ్ చేసిన ఆ నోరున్న లోహపు ఉంగరం పైకి ఎంత మామూలుగా కనిపిస్తుందో, లోపల అంత లెక్క దాచుకుందని ఆ రెండు నెలవంకలు చూశాక తెలిసింది.

పాత బోర్‌లో కొత్త రింగు వేసేటప్పుడు ఆయన వేలి గోరు పైఅంచున పెట్టి చూసేవాడు. పాత రింగు ఎక్కడిదాకా వెళ్లి ఆగేదో అక్కడ ఓ మెట్టు మిగిలి ఉంటుంది. పదునైన కొత్త రింగు దానికి కొట్టుకుని విరిగిపోతుంది. గోరు తగిలితే మెట్టు తీయాలి, లేదా పై అంచున మెట్టు చెక్కిన రింగు వేయాలి. పూత సంగతీ అంతే. క్రోమ్ బోర్‌లో క్రోమ్ రింగు వేయకూడదు, రెండూ ఒకదాన్నొకటి చీరేసుకుంటాయి.

స్కర్టు చదవడం మాత్రం నాకు ఏళ్లు పట్టింది. మామయ్య పిస్టన్‌ని కిటికీ వెలుతురులో నెమ్మదిగా తిప్పేవాడు. ముందూ వెనకా మెత్తటి మెరుపు ఉంటే మంచిదే. నిలువుగా సన్నటి గీతలుంటే గాలిలో దుమ్ము మింగింది. రింగుల కింద గోధుమరంగు మరక ఉంటే మంట దిగుతోంది. లోహం పూసినట్టు, చెరిగినట్టు మచ్చ ఉంటే ఎప్పుడో వేడికి పట్టేసి వదిలింది. అది కొద్దిగానే అయితే సన్నటి రాయితో ఎత్తు మాత్రం తీసి వాడేవాడు. ఒకసారి ఓ పిస్టన్ చూపించి "ఏముంది?" అన్నాడు. ఎడమపక్క మెరుపు పిన్నుకి పైన, కుడిపక్క మెరుపు పిన్నుకి కింద. నాకేమీ తోచలేదు. "పిస్టన్ వంకరగా నడిచింది. తప్పు దీనిది కాదు, కన్‌రాడ్ వంగింది. కొత్త పిస్టన్ వేసినా ఇలాగే తినేస్తుంది" అన్నాడు. రాడ్ తీసి పరీక్షిస్తే నిజంగానే వంగి ఉంది. ఆ పిస్టనే "చూపించడానికి" అని రాసినది.

అన్నీ దాటిన పిస్టన్‌కి కూడా చివర ఒక పరీక్ష ఉండేది. కొత్తదైనా సరే వదిలేవాడు కాదు. రాత్రంతా కిరసనాయిల్లో ముంచి, పొద్దున తీసి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లేవాడు. ఆయిల్ రింగు గాడి వెనక రంధ్రాల దగ్గర, స్కర్టు చీలిక చివర, పిన్ను దిమ్మెల మూలల్లో. ఎక్కడైనా పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు మెల్లగా ఊరి తెల్లటి సుద్ద మీద తడి గీతగా బయటపడుతుంది. కళ్లతో ఎంత వెతికినా కనిపించని పగులు అరగంటలో తనంతట తనే కనిపిస్తుంది. కొత్త పిస్టన్‌కి కూడా ఇదెందుకని చాలాసార్లు అడిగాను. "చూస్తే పోయేదేముంది" అనేవాడు, అంతకు మించి చెప్పేవాడు కాదు.

మొన్న డబ్బా మొత్తం ఖాళీ చేశాను. అట్టడుగున, అన్నిటికంటే మందమైన గుడ్డలో ఒకటుంది. నేనెప్పుడూ చూడనిది. విప్పితే సగం స్కర్టు లేని పిస్టన్. చీలిక చివర నుంచి మొదలై, నూనె రంధ్రాల మీదుగా వంకరటింకరగా విరిగింది. విరిగిన అంచులో కొంత భాగం నల్లగా, పాతగా ఉంది, మిగతాది తెల్లగా గరుకుగా ఉంది. నల్లది ఎప్పటి నుంచో ఉన్న పగులు, తెల్లది విరిగిన రోజుది. అట్టముక్క మీద అవే గుండ్రటి అక్షరాలు, కాస్త చిన్నతనపువి: "పాతదే మళ్లీ వేశాను. సుద్ద పెట్టి చూడలేదు."

ఎవరి బండో, ఎక్కడ ఆగిపోయిందో రాయలేదు. నాకెప్పుడూ చెప్పలేదు. చాలాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

"71. ప్లస్ 20. బాగుంది" అని రాసిన పిస్టన్ నా దగ్గరున్న బండికి సరిపోతుంది. బోర్ అదే సైజుకి తీయించి ఉంది. స్కర్టు కొలిచాను, గాళ్లలో రింగుల వదులు చూశాను, పిన్ను బొటనవేలి ఒత్తిడికి జరిగింది, బల్బు పెట్టి వెలుతురు చూశాను. ఆ బోర్‌లో గ్యాప్ ఆయన రాసిన 14కి ఒక్క థౌ ఎక్కువ వచ్చింది, పరవాలేదు. ఆయన "బాగుంది" అని రాశాడు కాబట్టి ఇంకేమీ చూడనక్కర్లేదని ఒక్క క్షణం అనిపించింది. రాత్రి కిరసనాయిల్లో వేశాను.

పొద్దున తీసి, తుడిచి, సుద్ద చల్లి కిటికీలో పెట్టాను. అరగంట అన్నాడాయన. నేను గంట కూర్చున్నాను. ఎక్కడా తడి గీత రాలేదు.

సుద్ద దులిపేసి, కడిగి, నూనె రాసి, భూతద్దం దగ్గర పెట్టుకుని దారం ముడి విప్పాను. ఒక ముడి, కుడి సిలిండర్‌ది.